వంటింట్లో పుట్టిన బెలూన్

యాంజియోగ్రామ్ గది బయట ఎప్పుడైనా కూర్చున్నారా? తలుపు తెరుచుకుంటుంది. డాక్టరుగారు బయటికొచ్చి ఫలానా రక్తనాళంలో 80 శాతం పూడిక ఉంది, స్టెంట్ వేసేయమంటారా అని అడుగుతారు. వెనకాలే నర్సు ఓ కాగితం పట్టుకుని వస్తుంది. రక్తస్రావం, పక్షవాతం, కిడ్నీలు దెబ్బతినటం, అప్పటికప్పుడు బైపాస్ చెయ్యాల్సి రావటం, ప్రాణాపాయం.. అన్నీ వరసగా రాసి ఉంటాయి. చాలామంది చదవకుండానే సంతకం పెడతారు. చదివినవాళ్లు హడలిపోతారు. అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్లో ఒకటి చెబుతాడు, పక్కనున్న బావమరిది ఇంకోటి చెబుతాడు. ఈలోపు లోపలున్న మనిషి బల్ల మీదే ఉంటారు కదా, ఏదో ఒకటి త్వరగా తేల్చమంటారు. సంతకం పడిపోతుంది.

ఆ కాగితంలోని మాటల్లో కొన్ని ఈ చికిత్స పుట్టిన రోజు నుంచీ దాని వెంటే ఉన్నాయి. దీన్ని కనిపెట్టిన మనిషే తన వైఫల్యాలను లెక్కగట్టి లోకానికి చెప్పారు. ఆయన పేరు ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్. 1985లో, 46 ఏళ్లకే చనిపోయారు. గుండె రక్తనాళంలో స్టెంట్ వెయ్యటం చూడకుండానే వెళ్లిపోయారు. కానీ స్టెంట్ వేయించుకున్న ప్రతి ఒక్కరూ ఆయన వేసిన దారిలో నడిచి వచ్చినవాళ్లే. మీ ఇంట్లో ఎవరికైనా ఆ కాగితం చేతికొచ్చే ముందు ఆయన కథ తెలుసుకుంటే మంచిది.

గొట్టం శుభ్రం చెయ్యలేమా?

గ్రుంట్‌జిగ్ 1939 జూన్ 25న జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో తండ్రి పోయారు. తల్లే ఇద్దరు కొడుకులనూ పెంచింది. బతుకుదెరువు కోసం 1950లో అర్జెంటీనా వెళ్లి, రెండేళ్లకే తిరిగొచ్చేశారు. తూర్పు జర్మనీలో స్కూలు చదువు పూర్తిచేసి, పశ్చిమ జర్మనీకి చేరుకున్న గ్రుంట్‌జిగ్ 1964లో హైడెల్‌బర్గ్‌లో డాక్టరయ్యారు. గుండె మీదకు ఆయన నేరుగా రాలేదు. కొంతకాలం జబ్బుల లెక్కలు తీసే ఎపిడెమియాలజీ చదివారు. తర్వాత కాళ్ల రక్తనాళాల జబ్బుల వైపు మళ్లారు.

అప్పట్లోనే ఓ రోగి ఆయన్ని అడిగాడని చెబుతారు: ఇంట్లో పూడుకుపోయిన గొట్టాన్ని ప్లంబరు శుభ్రం చేసినట్టు నా రక్తనాళాన్నీ శుభ్రం చెయ్యలేరా అని. మనందరికీ వచ్చే సందేహమే. కానీ రక్తనాళం ఇనప గొట్టం కాదు. పూడిక దాని లోపల పేరుకున్న మడ్డి కాదు, గోడలోనే పెరిగిన జబ్బు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

గ్రుంట్‌జిగ్ డాక్టరైన ఏడాదే అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఛార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు ఓ సాహసం చేశారు. 82 ఏళ్ల పెద్దావిడకు కాలి రక్తనాళం పూడుకుపోయి వేళ్లు కుళ్లుతున్నాయి. కాలు తీసేయాలంటే ఆమె ససేమిరా అన్నారు. డాటర్ తొడ దగ్గర నుంచి సన్నటి తీగ పంపి, దాని మీదుగా ఒకదానికంటే ఒకటి లావుగా ఉన్న గొట్టాలు దూర్చి దారి పెద్దది చేశారు. ఆమె కాలు నిలిచింది. అయినా అమెరికాలో డాక్టర్లు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. యూరప్‌లో మాత్రం కొందరు అందిపుచ్చుకున్నారు. వాళ్లలో ఒకరైన ఎబర్‌హార్ట్ జైట్లర్ దగ్గర గ్రుంట్‌జిగ్ ఈ పద్ధతి నేర్చుకుని, 1969లో తాను చేరిన స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ యూనివర్సిటీ ఆసుపత్రికి తీసుకెళ్లారు.

లావు గొట్టం దూర్చటంలో చిక్కుంది. అది పూడికను ముందుకు తోసుకుంటూ పోతుంది. తొడ దగ్గర పెద్ద రంధ్రం పడుతుంది. దానికి బదులు సన్నగా లోపలికెళ్లి, పూడిక దగ్గరే ఉబ్బి, మళ్లీ సన్నగా బయటికొచ్చే సాధనం ఉంటే? బెలూన్ ఆలోచన అలా వచ్చింది. ఆలోచన వేరేవాళ్లకూ వచ్చింది గానీ రబ్బరు బెలూన్‌తో పని జరగలేదు. గట్టి పూడిక తగిలేసరికి అది మెత్తగా ఉన్నవైపు ఉబ్బేది. ఎంత గాలి కొట్టినా ఒక కొలత దాటి ఉబ్బని, ఆ కొలత దగ్గర గట్టిగా నిలబడే బెలూన్ కావాలి.

అలాంటిది బజార్లో లేదు. జ్యూరిక్‌లో తన అపార్ట్‌మెంటు వంటింట్లోనే పని మొదలుపెట్టారు గ్రుంట్‌జిగ్. సహాయకురాలు మరియా ష్లుంఫ్, ఆమె భర్త, గ్రుంట్‌జిగ్ భార్య మిఖాయెలా.. రాత్రిళ్లు నలుగురూ కలిసి సన్నటి గొట్టాలు, జిగురు, దారాలు ముందేసుకుని కూర్చునేవారు. రిటైరైన రసాయనశాస్త్ర ఆచార్యులు హైన్‌రిచ్ హాఫ్ పీవీసీ వాడి చూడమని సలహా ఇచ్చారు. అవును, మన కరెంటు వైర్ల మీద తొడుగుగా ఉండే ప్లాస్టిక్ రకమే. దాన్ని వేడిచేసి, ఊది, అచ్చుకు తెచ్చి, పగిలిపోయినవి పారేసి, మళ్లీ చేసి.. ఎన్ని వందలసార్లో. చివరికి 1974 ఫిబ్రవరిలో ఆ బెలూన్‌ను తొలిసారి ఓ రోగి కాలి రక్తనాళంలోకి పంపారు. పని చేసింది.

కాలు వేరు, గుండె వేరు

కాలి రక్తనాళాన్ని కాసేపు మూసేసినా కాలికేం కాదు. గుండెలో బెలూన్ ఉబ్బినంతసేపూ ఆ భాగానికి రక్తం అందదు. గుండె లయ తప్పొచ్చు, ఆగిపోవచ్చు. పూడిక ముక్కలు విరిగి ముందుకు కొట్టుకుపోవచ్చు. రక్తనాళం గోడ చీలిపోవచ్చు. ఈ భయాలన్నీ గ్రుంట్‌జిగ్‌కు ముందే తెలుసు. ముందు కుక్కల మీద ప్రయోగాలు చేశారు. 1976లో అమెరికా హార్ట్ అసోసియేషన్ సమావేశంలో ఆ ఫలితాలు పెడితే నమ్మినవాళ్లు కొద్దిమందే.

తర్వాత ఆయన వేసిన అడుగు చూడండి. మనిషి మీద చెయ్యాలన్న ఆత్రం ఉంది. అయినా సరే, 1977 మేలో శాన్‌ఫ్రాన్సిస్కోలో రిచర్డ్ మైలర్ అనే డాక్టరుతో కలిసి, బైపాస్ సర్జరీ కోసం ఛాతీ తెరిచి ఉన్న రోగుల్లో ముందు బెలూన్ పరీక్షించారు. ఏదైనా తేడా వచ్చినా సర్జన్ చెయ్యి అక్కడే ఉంటుంది. పూడిక ముక్కలు కొట్టుకుపోతున్నాయా అన్నదీ అక్కడే తేలిపోతుంది. పోవటం లేదని తేలాకే మెలకువగా ఉన్న రోగి దగ్గరకు వచ్చారు.

1977 సెప్టెంబరు 16. జ్యూరిక్. రోగి ఓ ఇన్సూరెన్స్ ఉద్యోగి. వయసు దాదాపు గ్రుంట్‌జిగ్‌దే, నలభై లోపు. గుండె ముందు భాగానికి రక్తం తీసుకెళ్లే ప్రధాన నాళంలో, మొదట్లోనే, పొట్టి పూడిక ఒకే ఒక్కటి. బైపాస్‌కు రోజు ఖాయమైంది గానీ ఛాతీ కోయించుకోవటం ఆయనకు ఇష్టం లేదు. ఇది కొత్త పద్ధతి, ఇంతవరకూ ఎవరికీ చెయ్యలేదని గ్రుంట్‌జిగ్ విడమరచి చెప్పారు. ఆయన ఒప్పుకున్నారు. సర్జరీ విభాగాధిపతి ఓకె సెనింగ్ తన బృందాన్ని సిద్ధంగా ఉంచారు. నిజానికి ఈ బెలూన్ కుదిరితే సర్జన్లకు పని తగ్గుతుంది. అయినా అడ్డుపడకుండా అండగా నిలిచిన సెనింగ్‌ను కూడా తలుచుకోవాల్సిందే.

బెలూన్ రెండుసార్లు ఉబ్బించారు. రోగికి ఛాతీ నొప్పి రాలేదు, ఈసీజీ మారలేదు. దారి తెరుచుకుంది. గదిలో ఉన్నవాళ్లే నమ్మలేకపోయారు, ఇంత తేలిగ్గా అయిపోయిందా అని. ఆ ఏడాది చివర్లో అమెరికాలో అదే సమావేశంలో మొదటి నాలుగు కేసులూ చూపించినప్పుడు, నిరుడు పెదవి విరిచిన సభ చప్పట్లతో మోగిపోయింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు విజయగాథ. అసలు సంగతి తర్వాతుంది.

తన లెక్క తనే చెప్పిన మనిషి

1979లో గ్రుంట్‌జిగ్ మొదటి 50 మంది రోగుల ఫలితాలను న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. 50 మందిలో 32 మందికే పని జరిగింది. అయిదుగురికి పరిస్థితి దిగజారి అప్పటికప్పుడు బైపాస్ చెయ్యాల్సి వచ్చింది. ముగ్గురికి గుండెపోటు వచ్చిన ఆనవాళ్లు ఈసీజీలో కనిపించాయి. ఇవన్నీ దాచకుండా రాశారు. అంతేకాదు, ఒకే నాళంలో పూడిక ఉండి, నొప్పి మొదలై ఎక్కువకాలం కానివాళ్లకే ఇది బాగా నప్పుతుందన్నారు. బైపాస్ అవసరమైనవాళ్లలో 10 నుంచి 15 శాతం మందికే ఇది పనికొస్తుందని అంచనా కట్టారు. మందులతో, సర్జరీతో పోల్చి చూసే పరీక్ష జరిగితేగానీ దీని ప్రయోజనం ఎంతో తేలదని కూడా చెప్పారు. తన బిడ్డలాంటి చికిత్స గురించి కనిపెట్టినవాడే ఇలా రాయటం వైద్యంలో తరచూ కనిపించేది కాదు.

నేర్పటంలోనూ అంతే. 1978 నుంచి జ్యూరిక్‌లో శిక్షణ తరగతులు పెట్టి, తాను చికిత్స చేస్తుంటే పక్క హాల్లోని డాక్టర్లు టీవీ తెర మీద ప్రత్యక్షంగా చూసే ఏర్పాటు చేశారు. కత్తిరించి చూపించటానికి అది సినిమా కాదు కదా, బెలూన్ దూరకపోతే దూరలేదని అందరికీ కనపడుతుంది. అమెరికాలో చేసే ప్రతి కేసునూ నమోదు చేసే రిజిస్ట్రీ 1979లో మొదలైంది. 1980లో గ్రుంట్‌జిగ్ కూడా అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీకి మారిపోయారు. అక్కడ వేలల్లో చికిత్సలు చేశారు, ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లకు నేర్పారు. మన దేశంలో యాంజియోప్లాస్టీకి ఆద్యులుగా చెప్పుకునే డాక్టర్ మాథ్యూ శామ్యూల్ కలరిక్కల్ కూడా ఆయన దగ్గర నేర్చుకున్నవారే.

రోగుల విషయంలో ఇంత జాగ్రత్తపరుడికి సొంతంగా విమానం నడపటమంటే మోజు. 1985 అక్టోబరు 27న, వాతావరణం బాగాలేని రోజు, భార్య మార్గరెట్ ఆన్‌తో కలిసి తన చిన్న విమానంలో అట్లాంటాకు వస్తుండగా జార్జియాలో అది కూలిపోయింది. ఇద్దరూ చనిపోయారు. ఆమె కూడా డాక్టరే.

ఆయన వదిలివెళ్లిన రెండు చిక్కులు

బెలూన్‌తో రెండు సమస్యలు తీరలేదు. ఒకటి, బెలూన్ తీసిన కాసేపటికే కొందరిలో నాళం చీలిక వల్ల టక్కున మూసుకుపోయేది. వాళ్లను ఉన్నపళాన సర్జరీకి తీసుకెళ్లాల్సిందే. రెండోది, దాదాపు మూడోవంతు మందిలో ఆర్నెల్లలోపే మళ్లీ సన్నబడేది. నాళం కుంచించుకుపోకుండా లోపల ఓ జల్లెడ గొట్టం నిలబెడితే అన్న ఆలోచనే స్టెంట్. గ్రుంట్‌జిగ్ పోయిన అయిదు నెలలకు, 1986 మార్చిలో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో జాక్ ప్యుయెల్ తొలిసారి మనిషి గుండె నాళంలో స్టెంట్ వేశారు. స్విట్జర్లాండ్‌లో ఉల్రిచ్ సిగ్వార్ట్ దాన్ని ముందుకు తీసుకెళ్లారు.

స్టెంట్‌తో మొదటి చిక్కు చాలావరకూ తీరింది. అప్పట్లో 50 మందిలో అయిదుగురికి అవసరమైన అత్యవసర బైపాస్ ఇప్పుడు నూటికి ఒక్కరికి కూడా అరుదుగానే అవసరపడుతోంది. కానీ స్టెంట్ తన చిక్కును తాను తెచ్చుకుంది. రక్తంలో లోహం కనపడితే రక్తం గడ్డకడుతుంది. స్టెంట్‌లో గడ్డ కడితే నాళం ఒక్కసారిగా మూసుకుపోయి పెద్ద గుండెపోటు వస్తుంది. మామూలు స్టెంట్లలో కణజాలం పెరిగి మళ్లీ సన్నబడటమూ ఉండేది. దానికి విరుగుడుగా మందు పూత స్టెంట్లు వచ్చాయి. 1999 చివర్లో బ్రెజిల్‌లోని సావోపావ్లోలో వీటిని తొలిసారి వాడారు. మళ్లీ పూడటం బాగా తగ్గింది గానీ, మందు వల్ల లోపలి పొర ఆలస్యంగా కమ్ముకోవటంతో తొలితరం మందు స్టెంట్లలో ఏడాది దాటాక కూడా గడ్డకట్టే ముప్పు బయటపడింది. ఇప్పటి కొత్తతరం స్టెంట్లలో అది చాలా తగ్గింది. సున్నా కాలేదు.

అందుకే స్టెంట్ వేశాక ఆస్ప్రిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి మరో మాత్ర ఇస్తారు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేసినవాళ్లకు సాధారణంగా ఏడాది, నిలకడైన జబ్బుకు వేసినవాళ్లకు ఆర్నెల్లు. రక్తస్రావం ముప్పు ఎక్కువున్నవాళ్లకు డాక్టర్లు ఇంకా తగ్గిస్తారు. ఆ తర్వాత ఒక మాత్ర కొనసాగుతుంది. మన ఇళ్లల్లో జరిగే పొరపాటు ఇక్కడే. పన్ను పీకించుకోవటానికి వెళ్తూనో, కడుపులో మంటగా ఉందనో, పండక్కి ఊరెళ్లినప్పుడు మాత్రలు అయిపోయాయనో, ఆయుర్వేదం మొదలుపెట్టామనో ఆపేస్తారు. గుండె డాక్టరుకు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు. రాబోయే ఏడాదిలో హెర్నియా, మోకాలు, గర్భసంచి లాంటి ఆపరేషన్ ఏదైనా అనుకుంటూ ఉంటే స్టెంట్ వేసే ముందే చెప్పాలి. రెండు మాత్రలు వేసుకునే స్తోమత, ఓపిక లేకపోయినా ముందే చెప్పాలి. ఇందులో మొహమాటం వద్దు.

మిగతా ముప్పుల్లో తరచూ కనిపించేది గొట్టం దూర్చినచోట రక్తస్రావం. నెదర్లాండ్స్‌లో ఫెర్డినాండ్ కీమెనీ 1992లో తొడ బదులు మణికట్టు నుంచి చెయ్యటం మొదలుపెట్టాక ఇది బాగా తగ్గింది. మీకు మణికట్టు నుంచి కుదురుతుందేమో అడగండి. నాళాలు కనపడటానికి ఎక్కించే రంగు మందు కిడ్నీలకు భారం. మధుమేహం ఉన్నవాళ్లు, అప్పటికే క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లు ఆ సంగతీ, మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతీ చెప్పాలి. పక్షవాతం, నాళానికి చిల్లు పడటం, మరణం లాంటివి ముందుగా అనుకుని చేయించుకునేవాళ్లలో అరుదు. గుండెపోటుతో, షాక్‌తో వచ్చినవాళ్లలో, బాగా పెద్దవయసువాళ్లలో ఎక్కువ. అంటే ఆసుపత్రి చెప్పే సగటు అంకె కంటే, మీ ఇంట్లో మనిషికి ముప్పెంత అన్నది ముఖ్యం.

మన దగ్గర 1990ల్లో హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చు స్టెంట్ తయారుచేశారని చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ ధరలకు పరిమితి పెట్టింది: అప్పట్లో మామూలు స్టెంట్‌కు రూ.7,260, మందు స్టెంట్‌కు రూ.29,600. ధర దిగటం మంచిదే. వెయ్యాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం ధరతో తీరేది కాదు.

ఆయన అడిగిన పరీక్ష

మందులతో పోల్చి చూడాలని గ్రుంట్‌జిగ్ 1979లోనే అడిగారు కదా. ఆ జవాబు దశాబ్దాల మీద వచ్చింది. 2007లో 2,287 మందితో చేసిన కరేజ్ అధ్యయనంలో, నడిస్తే నొప్పి వచ్చి, ఆగితే తగ్గే నిలకడైన గుండె జబ్బు ఉన్నవాళ్లలో మంచి మందులకు స్టెంట్ చేర్చినా మరణాలు, గుండెపోట్లు తగ్గలేదు. 2019లో 5,179 మందితో చేసిన ఇస్కీమియా అధ్యయనం కూడా దాదాపు అదే చెప్పింది. అందులో ఓ వివరం గమనించాలి: స్టెంట్, బైపాస్ చేసినవాళ్లలో ఆ చికిత్స సమయంలో వచ్చే గుండెపోట్లు ఎక్కువ, తర్వాత కాలంలో వాటంతట అవి వచ్చేవి తక్కువ. నొప్పి మాత్రం తగ్గింది. ఎడమ ప్రధాన నాళంలో పూడిక ఉన్నవాళ్లను ఇందులో చేర్చలేదు. వాళ్ల లెక్క వేరు.

నొప్పి తగ్గటం కూడా నమ్మకం వల్లేనా అని లండన్ డాక్టర్లకు అనుమానం వచ్చింది. 2017లో ఆర్బిటా అధ్యయనంలో సగంమందికి స్టెంట్ వేశారు, సగంమందికి వేసినట్టు నటించారు. మందులు బాగా వాడుతున్నవాళ్లలో నడిచే శక్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2023లో నొప్పి మందులు ఆపేసి మళ్లీ చేస్తే, నిజంగా స్టెంట్ వేసినవాళ్లకే నొప్పి బాగా తగ్గింది. అంటే నిలకడైన జబ్బులో స్టెంట్ నొప్పికి మందు. ప్లంబరు పోలిక ఇక్కడే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. జబ్బు నాళాల గోడలన్నిటా ఉంటుంది. 80 శాతం పూడికను తెరిచినా, రేపు 40 శాతం పూడిక పగిలి గుండెపోటు రావచ్చు. దాన్ని ఆపేవి స్టాటిన్, బీపీ, షుగర్ మాత్రలు, సిగరెట్ మానటం, రోజూ నడక.

ఇదంతా చదివి ఒక్క పొరపాటు మాత్రం చెయ్యకండి. గుండెపోటు వస్తున్నప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం వచ్చి, ఈసీజీలో గుండెపోటు తేలితే, అప్పుడు వెంటనే నాళం తెరిచి స్టెంట్ వెయ్యటమే ప్రాణం నిలిపే చికిత్స. ఆసుపత్రికి చేరిన గంటన్నర లోపు అయిపోవాలని డాక్టర్లు గడియారం చూసుకుంటారు. ఆ సమయంలో రెండో అభిప్రాయం కోసం ఊళ్లు తిరగొద్దు. నిలకడైన నొప్పికి మాత్రం టైముంది. యాంజియోగ్రామ్ చేయించి, సీడీ తీసుకుని ఇంటికొచ్చి, మందులు సరిపడా వాడి చూశామా, నాకు స్టెంట్ దేనికి, నొప్పికా ప్రాణానికా, మధుమేహం ఉండి మూడు నాళాల్లో పూడికలుంటే బైపాస్ మెరుగు కాదా అని అడిగే టైముంది. కోప్పడని డాక్టరు దగ్గరే అడగండి.

జ్యూరిక్‌లో గ్రుంట్‌జిగ్ చికిత్స చేసిన తొలి 169 మంది ఏమయ్యారన్నది పదేళ్ల పాటు వెతికి 1993లో ప్రచురించారు. 133 మందికి చికిత్స కుదిరింది. పదేళ్ల తర్వాత, ఒకే నాళంలో జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువ మంది బతికున్నారు, ఎక్కువ నాళాల్లో ఉన్నవాళ్లు అంతకంటే తక్కువ. ఆ లెక్క తీసిన ఇద్దరిలో ఒకరు ఎమరీ డాక్టర్ స్పెన్సర్ కింగ్. రెండోవారు మరియా ష్లుంఫ్, వంటింట్లో బెలూన్లు అతికించిన ఆమే. ఆ మొదటి రోగిని పదేళ్లు నిండినప్పుడు అట్లాంటాకు పిలిపించి మళ్లీ యాంజియోగ్రామ్ తీశారు. గ్రుంట్‌జిగ్ పోయి అప్పటికి రెండేళ్లు. బెలూన్ తెరిచిన దారి తెరిచినట్టే ఉంది.